దొరకనిదంతా లేనిదేనా? — దఫ్తరంలో వెదుకులాట చరిత్ర

చరిత్ర రాయడానికి ఆధారాలు కావాలని అందరూ అంగీకరిస్తారు. ఆ ఆధారాలను ఎవరు భద్రపరిచారు, ఏ వర్గ ప్రయోజనం కోసం భద్రపరిచారు అనే ప్రశ్న కూడా మన మధ్య అడపాదడపా వస్తూనే వుంది. కాని భద్రపరిచిన వాటిలోనుంచి కావలసినదాన్ని వెదికి తీసే పనిని గూర్చి మనం పెద్దగా ఆలోచించలేదు. అది గుమాస్తాలు చేసే చిన్నపని అనుకున్నాం. నిజానికి వెదికే పనికీ చరిత్ర వుంది, పనిముట్లు వున్నాయి. ఆ పనిముట్లు కొందరి చేతుల్లో వుండి, మరికొందరికి అందకుండా పోవడం వల్ల భూములు చేతులు మారాయి, కుటుంబాలు కూలిపోయాయి, ఒక ప్రాంతపు సాహిత్యమే లేదన్న మాట చెల్లుబాటయింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల అనుభవాన్ని ముందు పెట్టుకుని ఈ విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం. కంప్యూటరు తెరమీద ఆజ్ఞావాక్యం టైపు చేసి ఫైళ్ళను వెదికే పద్ధతి కూడా ఆ చరిత్రలో భాగమేనని చెప్పడం దాని రెండో ఉద్దేశ్యం.

మొదట వూరి దఫ్తరంతో మొదలుపెడదాం.

నిజాం రాజ్యంలో మొదటి సాలార్‌జంగు ప్రధానమంత్రిగా వున్న కాలంలో (1853-1883) జిల్లాల ఏర్పాటు, భూమిశిస్తు సంస్కరణలు జరిగాయి. ఆ తరువాత సర్వే నంబర్లు వచ్చాయి. ఏ నంబరు ఎంత విస్తీర్ణం, ఎంత శిస్తు, ఎవరి పట్టా అని చెప్పే సేత్వారు వచ్చింది. ఏటా మారిన సంగతులను ఎక్కించే పట్టీలు, పొలంలో ఏం పండిందీ ఎవరు సాగు చేసిందీ చెప్పే పహాణీ వచ్చాయి. వూళ్ళో మాలీపటేలు శిస్తు వసూలు చేసేవాడు, పోలీసు పటేలు శాంతిభద్రతలు చూసేవాడు, పట్వారీ లెక్కలు రాసేవాడు. ఇవి వతను ఉద్యోగాలు, అంటే వంశపారంపర్యంగా వచ్చేవి. తండ్రి చనిపోతే దఫ్తరం కొడుక్కి వచ్చేది. గుడ్డలో మూటగట్టిన ఆ కాగితాలు కచేరీలో కాక పట్వారీ ఇంటి అటకమీద వుండేవి.

ఆ మూటలో ఏముందో రైతుకు తెలియదు. తెలుసుకుందామన్నా మూడు అడ్డంకులు వున్నాయి. మొదటిది భాష. రాజ్యంలో పై కచేరీల భాష చాలాకాలం పారశీకం. 1880ల దశాబ్దంలో దాని స్థానంలో ఉర్దూ వచ్చింది. వూరిలెక్క తెలుగులో వున్నచోట కూడా తాలూకాకు పోయే కాగితం ఉర్దూలో వుండేది. పాత పారశీక పత్రాలు షికస్తా అనే గొలుసురాతలో వున్నాయి. అందులో చుక్కలు వదిలేస్తారు, అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిపేస్తారు. దానిని చదవగలవారు చదువుకున్నవారిలో కూడా కొద్దిమందే. రెండోది కాలగణన. రెవెన్యూ కాగితాలమీద ఫస్లీ సంవత్సరం వుంటుంది. దానికి సుమారు 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది; 1356 ఫస్లీ అంటే 1946-47. ఈ సంగతి తెలియనివాడు 1946 అని ఎంత వెదికినా అతనికి ఏమీ దొరకదు. మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, మూట ఎక్కడ వుందన్నది. అది పట్వారీ ఇంట్లో వుంది. వెదికేది అతడే, దొరికిందని చెప్పేది అతడే, దొరకలేదని చెప్పేదీ అతడే.

ఇక్కడ పట్వారీ చెడ్డవాడా మంచివాడా అన్నది ప్రశ్న కాదు. వ్యవస్థలో అతని స్థానం ఎలాంటిదన్నది ప్రశ్న. దేశ్‌ముఖులు, దేశ్‌పాండ్యాలు వేల ఎకరాలు కూడబెట్టడంలో కత్తికన్నా కలం ఎక్కువ పని చేసింది. సూర్యాపేట తాలూకాలో జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలు వుండేవని పుచ్చలపల్లి సుందరయ్యగారు రాశారు. అంత భూమిని ఏ కుటుంబమూ దున్ని సంపాదించలేదు. కాగితంమీద ఒక పేరు కొట్టేసి మరో పేరు రాయడం ద్వారా, బాకీ పత్రంమీద వేలిముద్ర తీసుకోవడం ద్వారా, ఆ పత్రాన్ని కావలసినప్పుడు బయటికి తీసి అక్కరలేనప్పుడు దాచడం ద్వారా అది సాధ్యమైంది. గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత సంస్థానాలున్న పాలమూరు జిల్లాలో పరిస్థితి మరికొంత జటిలం. సంస్థానాలకు తమ దఫ్తరాలు తమకే వుండేవి. ఒక్క జిల్లాలోనే ఎన్ని ఏలుబడులో అన్ని దఫ్తరాలు.

ఈ నేపథ్యంలో 1946ను చూడాలి. ఆ ఏడాది జూలై 4న, అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య విసునూరు దేశ్‌ముఖు మనుషుల తుపాకులకు బలయ్యాడు. అంతకుముందే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన కౌలుభూమిలోని పంటను దేశ్‌ముఖుకు దక్కనివ్వలేదు. ఆమె హక్కు ఆమె దున్నిన భూమిలో వుంది. కాగితంలో వెదికితే అది అంత తేలికగా కనపడేది కాదు. ఆ తరువాత సాగిన సాయుధ పోరాటంలో రైతులు గడీలమీదా, పట్వారీల ఇళ్ళమీదా పడి చేసిన మొదటి పనుల్లో ఒకటి అప్పుపత్రాలను, భూమి లెక్కలను తగలబెట్టడం.

దీన్ని కొందరు చదువురాని జనం ఆవేశంగా వర్ణించారు. చరిత్ర విద్యార్థులు కూడా ఎంత సమాచారం బుగ్గి అయిపోయిందో కదా అని నిట్టూర్చడం నేను విన్నాను. ఆ నిట్టూర్పు వెనకనున్న దృష్టిని సరిచేసుకోవాలి. తనకు చదవడానికి వీలులేని, వెదకడానికి హక్కులేని, తనమీద మాత్రమే ప్రయోగించబడే కాగితం రైతుకు సమాచారం కాదు, ఆయుధం. శత్రువు చేతిలోని ఆయుధాన్ని అతడు ధ్వంసం చేశాడు. అప్పుపత్రాల విషయంలో ఆ పని ఫలించింది. ఎంచేతనంటే షావుకారి పెట్టెలోని పత్రానికి మరో ప్రతి లేదు. కాగితం కాలితే బాకీ కాలినట్టే. భూమి లెక్కల సంగతి వేరు. వూళ్ళో మూట కాలినా తాలూకా, జిల్లా కచేరీల్లో సేత్వారులు వున్నాయి. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత తిరిగివచ్చిన భూస్వాములకు ఆ పై కాగితాలు అక్కరకు వచ్చాయి. సుమారు మూడువేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచిన పోరాటం సాధించిన పంపకానికి కాగితంమీద రుజువు మిగిలింది చాలా తక్కువ. పంచినవారికి పహాణీ రాసుకునే తీరిక, రక్షణ ఎక్కడివి?

తరువాత చట్టాలు వచ్చాయి. 1949లో జాగీర్ల రద్దు జరిగింది. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చి రక్షిత కౌలుదార్ల జాబితాలు తయారయ్యాయి. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇవ్వడంతో భూదానోద్యమం మొదలైంది. దానపత్రాల కట్టలు కొత్తగా చేరాయి. 1954-55లో ఖాస్రా పహాణీ రాశారు. ఈనాటికీ తెలంగాణలో భూమి తగాదా కోర్టుకు వెళితే ఖాస్రా పహాణీలో ఏముందన్నది ముందు వచ్చే ప్రశ్నల్లో ఒకటి. రక్షిత కౌలుదార్ల జాబితాలో తాతపేరు వున్న కుటుంబాలు ఎన్నో ఆ సంగతి తెలియకనే భూమి వదులుకున్నాయి. పేరు వుంది, కాని అది వుందని వెదికి చెప్పేవారు లేరు. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. దఫ్తరం అటకమీదనుంచి దిగి కచేరీకి చేరింది. అయితే దఫ్తరం చోటు మారినంత మాత్రాన దానిలో వెదికే అధికారం రైతుకు వచ్చిందా అన్నది వేరే ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకునే ముందు వెదుకులాటకు సంబంధించిన ఇంకొక ఘట్టాన్ని గుర్తుచేసుకోవాలి. ఇదీ పాలమూరు జిల్లాకు చెందినదే.

తెలంగాణలో కవులు లేరు అని ఒక మాట వినపడినప్పుడు, సురవరం ప్రతాపరెడ్డిగారు వాదానికి దిగలేదు, వెదకడానికి దిగారు. గోలకొండ పత్రిక సంపాదకులుగా ఆయనకు పల్లెపల్లెతో సంబంధం వుంది. 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులు కనిపించారు. లేరన్నవారు అబద్ధమాడారని అనుకోనక్కరలేదు. వారు తమకు తెలిసిన చోట వెదికారు, అక్కడ దొరకలేదు, అందుచేత లేరన్నారు. వెదకని చోట వున్నదాన్ని లేదనడం పండితులు కూడా తరుచుగా చేసే పొరపాటు.

1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ప్రతాపరెడ్డిగారు ఇంకా పెద్ద పని చేశారు. రాజుల యుద్ధాల పట్టికను పక్కనబెట్టి, ప్రజలు ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు, ఏ పన్నులు కట్టారు అని అడిగారు. ఆ ప్రశ్నలకు జవాబు ఏ ఒక్క గ్రంథంలోనూ లేదు. వందల కావ్యాల్లో, చాటువుల్లో, సామెతల్లో, శాసనాల్లో చెదిరి వుంది. ప్రతి గ్రంథాన్నీ మొదటినుంచి చివరిదాకా చదివి, సంబంధించిన పంక్తిని మాత్రం ఏరి పక్కన పెట్టుకుంటూ పోవాలి. ఒక జీవితకాలపు చదువు అది. 1955లో, రచయిత మరణానంతరం, తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి ఆ గ్రంథానికి వచ్చింది.

అదే 1949లో ఇటలీలో రొబెర్తొ బూసా అనే జెసూట్ ఫాదరు ఐబీఎం కంపెనీ సహాయం కోరాడు. థామస్ అక్వినాస్ రచనల్లోని ప్రతి మాటా ఎక్కడెక్కడ వుందో చెప్పే సూచిక తయారుచేయడం ఆయన సంకల్పం. చిల్లులు పొడిచిన అట్టలమీద మాటలను ఎక్కించి యంత్రంతో వరసపెట్టించారు. ఆ సూచిక సంపుటాలు 1970లలో ముద్రణకు వచ్చాయి. గల్లరాతె పట్టణంలో ఆ అట్టలకు చిల్లులు పొడిచినవారు ఎక్కువగా యువతులు. ఫాదరు పేరు చరిత్రకెక్కింది. ఆ యువతుల పేర్లను ఈమధ్యనే పరిశోధకులు వెదికి తీస్తున్నారు. వెదకడానికి అనువుగా కాగితాన్ని సిద్ధం చేసిన శ్రమే వెదుకులాటలో అన్నిటికన్నా కనపడకుండా పోతుందన్నమాట. మన జిల్లాల్లో పహాణీలను కంప్యూటర్లలోకి ఎక్కించిన ఆపరేటర్ల విషయంలోనూ జరిగింది ఇదే.

ఇక కంప్యూటరు సంగతికి వద్దాం. అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో 1969లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలైనవారు యూనిక్స్ అనే వ్యవస్థను రూపొందించడం మొదలుపెట్టారు. అందులో బొమ్మలు, గుండీలు లేవు. తెరమీద ఒక పంక్తి రాస్తే, యంత్రం జవాబు రాస్తుంది. వెదకడానికి అందులో పుట్టిన పనిముట్లలో మూడింటిని మనం తెలుసుకోవాలి. వాటి పేర్లు ఫైండ్, గ్రెప్, లొకేట్.

ఫైండ్ ఈనాటి రూపం 1970ల మధ్యకాలంలో డిక్ హైట్ చేతిలో ఏర్పడింది. ఫలానా సంచిలో మొదలుపెట్టు, దాని లోపలి సంచుల్లోకీ, వాటి లోపలి సంచుల్లోకీ వెళ్ళు, ఫలానా షరతుకు సరిపోయే ఫైలు కనపడితే చెప్పు అని దానికి ఆజ్ఞ ఇస్తాం. షరతు పేరు కావచ్చు, పరిమాణం కావచ్చు, చివరిసారి మార్చిన తేదీ కావచ్చు. అది ప్రతి సంచి గడపా తొక్కి చూసి వస్తుంది. ఆలస్యమవుతుంది, కాని ఈ క్షణాన అక్కడ ఏముందో అదే చెబుతుంది.

గ్రెప్ 1973లో వచ్చింది. ఇది ఫైలు పేరు చూసి వూరుకోదు, లోపల వున్న పంక్తులన్నీ చదివి, మనం ఇచ్చిన అక్షరాల నమూనా వున్న పంక్తిని మాత్రం ఏరి చూపుతుంది. దీని పుట్టుక మనబోటి వారికి ఆసక్తికరం. అమెరికా రాజ్యాంగ చర్చల కాలపు ఫెడరలిస్టు వ్యాసాల్లో ఏది ఎవరి రచన అన్న సాహిత్య పరిశోధన కోసం లీ మెక్‌మహన్ అనే సహోద్యోగి పెద్ద గ్రంథాల్లో మాటలు వెదకవలసి వచ్చింది. అప్పటి ఎడిటరుకు అంత పెద్ద ఫైలు మింగుడుపడలేదు. దానిలోని వెదికే భాగాన్ని థాంప్సన్ విడదీసి వేరే పనిముట్టుగా చేశాడు. సురవరంవారు కళ్ళతో, జ్ఞాపకంతో చేసిన పంక్తులేరే పనిలో యాంత్రికమైన భాగం అది. ఏ మాట వెదకాలో నిర్ణయించడం, దొరికిన పంక్తికి అర్థం చెప్పడం మాత్రం ఆనాడు సురవరంవారివి, ఈనాడు మనవి.

మూడోది లొకేట్. ప్రతిసారీ అన్ని సంచులూ తిరగడం దేనికి, ఒకసారి తిరిగి పేర్లన్నీ ఒక జాబితాగా రాసిపెట్టుకుంటే ఆ జాబితాలో క్షణంలో వెదకవచ్చు కదా అన్న ఆలోచన దీనికి మూలం. జేమ్స్ వుడ్స్ 1983లో ఈ పద్ధతిని వివరించాడు. ఇది చాలా వేగంగా జవాబు చెబుతుంది. కాని అది చెప్పేది జాబితా రాసిననాటి స్థితి. నిన్న రాత్రి జాబితా రాసి, ఈ ఉదయం ఫైలు చెరిపేస్తే, లొకేట్ ఇంకా వుందనే చెప్పవచ్చు. ఈ ఉదయం పుట్టిన ఫైలును అది ఎరగదు.

ఈ తేడా రెవెన్యూ చరిత్ర చదివినవారికి కొత్తగా తోచదు. పొలం గట్టుమీద నడిచి, ఎవరు దున్నుతున్నారో కళ్ళతో చూసి రాయవలసిన పహాణీ ఫైండ్ వంటిది. ఒకసారి రాసిపెట్టి, ఆ తరువాత ప్రతి ప్రశ్నకూ దానినుంచే జవాబు తీసే రిజిస్టరు లొకేట్ వంటిది. రెండూ అవసరమే. కాని జాబితా చెప్పినదాన్నే పొలంలోని వాస్తవంగా ప్రకటించినప్పుడు అన్యాయం మొదలవుతుంది. పట్వారీ గట్టుమీదికి పోకుండా ఇంట్లో కూర్చుని నిరుటి పహాణీనే ఎత్తిరాసిన ప్రతిసారీ జరిగింది ఇదే. కంప్యూటరులో అయితే జాబితాను కొత్తగా రాయమని చెప్పే ఆజ్ఞ ఒకటి వుంది. భూమి విషయంలో ఆ ఆజ్ఞ ఇచ్చే అధికారం దున్నేవాడికి ఏనాడూ లేదు.

దొరకలేదన్న మాటను గూర్చి కూడా ఈ పనిముట్లు మనకు పాఠం చెబుతాయి. ఫైండ్ అన్ని సంచులూ తిరిగేటప్పుడు కొన్నిటికి తాళం వుంటుంది. అనుమతి లేదని యంత్రం నిజాయితీగా ఒక పంక్తి రాస్తుంది. ఇలాంటి పంక్తులు ఎక్కువైతే చూడడానికి చిరాకు కాబట్టి, అలవాటుపడినవారు వాటిని తెరమీదికి రాకుండా పారబోసే ఏర్పాటు చేసుకుంటారు. అప్పుడు తెర శుభ్రంగా వుంటుంది. ఏమీ దొరకలేదన్న జవాబు కనపడుతుంది. చూసేవారికి అది లేదన్న జవాబుగా అర్థమవుతుంది. చూడనివ్వలేదు అన్నదానికీ, లేదు అన్నదానికీ మధ్యనున్న గీత అలా చెరిగిపోతుంది. చరిత్ర పరిశోధకుడు తన గ్రంథంలో ఏ దఫ్తరం చూశానో రాయడంతో సరిపెట్టకుండా, ఏ దఫ్తరం చూడనివ్వలేదో కూడా రాయాలి.

తెలుగులో వెదికేవారికి మరికొన్ని చిక్కులున్నాయి. ఇంగ్లీషులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడాను పట్టించుకోవద్దని గ్రెప్‌కు చెప్పే వీలు వుంది. ఆ సౌకర్యం మన లిపికి అక్కరకు రాదు. మనకు కావలసినవి వేరు. నల్లగొండ అని ఒకరు, నల్గొండ అని ఒకరు రాస్తారు. ఇంకా వెనక్కి పోతే నీలగిరి. మహబూబ్‌నగర్ అన్న మాటను కొందరు విడదీసి రెండు మాటలుగా రాస్తారు. కొందరు కలిపి రాస్తే నకారం వత్తుగా కిందికి పోతుంది. వత్తు పడకుండా కలిపి రాయాలంటే మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు వేయాలి. మనిషి కంటికి మూడూ ఒకే వూరు. యంత్రానికి మూడూ మూడు వేరువేరు వూళ్ళు. 1890కి ముందు కాగితాల్లో ఆ వూరు పాలమూరు. గుఱ్ఱం, గుర్రం, ఒక, వొక, రామచంద్రారెడ్డి, రామచంద్ర రెడ్డి — ప్రతిదీ ఇంతే. ఇలాంటి తేడాలన్నిటినీ ఒకే నమూనాలో ఇమిడ్చి చెప్పే పద్ధతి గ్రెప్‌లో వుంది: ఇక్కడ రకారమైనా బండి-ఱ అయినా సరే, ఇక్కడ ఖాళీ వున్నా లేకున్నా సరే అని రాయవచ్చు. కాని ఏ తేడాలు సాధ్యమో వెదికేవాడికి ముందే తెలిసి వుండాలి. ఆ తెలివి యంత్రంలో లేదు. భాషలోనూ ప్రాంతంలోనూ పెరిగిన మనిషిలో వుంది.

ఇంకొక పెద్ద నష్టం మన కళ్ళముందే జరిగింది. యూనికోడ్ ప్రమాణంలో తెలుగు 1991 నుంచే వున్నా, మన పత్రికలు, కరపత్రాలు, పుస్తకాలు చాలాకాలం అను, శ్రీలిపి వంటి పాత ఫాంట్లలో కూర్చబడ్డాయి. వాటిలో తెరమీద తెలుగు కనపడుతుంది. ఫైలు లోపల మాత్రం వుండేవి రోమను అక్షరాలకూ గుర్తులకూ చెందిన సంఖ్యలు. అలాంటి ఫైలులో కౌలుదారు అని వెదికితే ఒక్కసారి కూడా దొరకదు. ఫైలు భద్రంగా వుంది, తాళం కూడా లేదు, అయినా వెదకడానికి అది లేనట్టే. షికస్తా రాత చదవలేని రైతు మనవడు ఈనాడు అదే గోడ దగ్గర నిలబడ్డాడు. ఆ ఫైళ్ళను యూనికోడులోకి మార్చే పనిముట్లు వున్నాయి. మార్చిన ప్రతిని మూలంతో పోల్చి దిద్దే ఓపిక కావాలి.

జిల్లాల విభజనతో వచ్చిన చిక్కు కూడా చెప్పాలి. కడవెండి, పాలకుర్తి ఆనాడు నల్లగొండ జిల్లా; తరువాత వరంగల్లు జిల్లా; 2016 నుంచి జనగామ జిల్లా. పాత పాలమూరునుంచి 2016లో నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల, 2019లో నారాయణపేట విడిపోయాయి. నల్లగొండనుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వెళ్ళాయి. ఈనాటి జిల్లా పేరు పెట్టి సంచి తెరిచే విద్యార్థికి ఆనాటి కాగితం కనపడదు. పోరాటం నడిచిన నేల ఒకటే, దాని కాగితాలు మాత్రం నాలుగు సంచుల్లో వున్నాయి.

ఇక అసలు ప్రశ్నకు రావాలి. దఫ్తరం కంప్యూటరులోకి చేరిన తరువాత వెదికే అధికారం రైతుకు వచ్చిందా?

2017లో తెలంగాణలో భూరికార్డుల సవరణ జరిగింది. 2020 అక్టోబరు 29న ధరణి మొదలైంది. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. సవరణలో తగాదా వుందన్న భూములను పార్టు-బి అనే జాబితాలో వేరుగా పెట్టారు. వాటికి పాసుపుస్తకాలు రాలేదు. పాత పహాణీలో పట్టాదారు గడి పక్కన అనుభవదారు గడి వుండేది. సాగు చేస్తున్నవాడి పేరు, అతడు పట్టాదారు కాకపోయినా, అక్కడ ఎక్కేది. ధరణిలో ఆ గడి లేకుండాపోయింది. దీని పర్యవసానం గమనించండి. తాళం వేసిన సంచిని ఏనాటికైనా తెరవవచ్చు. పాత ఫాంటును మార్చవచ్చు. తప్పుగా రాసిన పేరును నమూనాతో పట్టుకోవచ్చు. కాని గడే లేనప్పుడు ఏ ఆజ్ఞ ఇచ్చినా కౌలుదారు దొరకడు. ఎన్నడూ రాయనిదాన్ని వెదికి తీసే పనిముట్టు ప్రపంచంలో లేదు. ఐలమ్మ కాలంలో దున్నినవాడి హక్కు కాగితంలో కనపడనట్టే, ఈనాటి కౌలురైతు పేరు కూడా కనపడకుండా పోయింది.

ఇంకొక సంగతి. ఇలాంటి ప్రభుత్వ తెరల్లో జిల్లా, మండలం, వూరు, సర్వే నంబరు లేక ఖాతా నంబరు ఇస్తే ఒక్క నంబరు వివరం వస్తుంది. ఒక వూళ్ళో ఒకే కుటుంబం చేతికి ఎన్ని నంబర్లు వెళ్ళాయి, పదేళ్ళలో ఏ అసైన్డు భూములు ఎవరి పేరుకు మారాయి, సీలింగు చట్టం కింద మిగులుగా తేలిన భూమి ఇప్పుడు ఎవరి చేతిలో వుంది — ఇలాంటివి ఆ తెరను అడగలేం. ఒక్కొక్కరూ తమ నంబరు పట్టుకుని కిటికీ ముందు నిలబడాలి. ఆజ్ఞావాక్యంతో వెదికేవాడి ముందు మొత్తం దఫ్తరం వుంటుంది. తన ప్రశ్నను తానే కూర్చుకుంటాడు. కిటికీ ముందు నిలబడినవాడు ఇతరులు కూర్చిపెట్టిన ప్రశ్ననే అడగగలడు. మొదటివాడు పరిశోధకుడు, రెండోవాడు అర్జీదారు. యంత్రం ఒకటే అయినా సంబంధం వేరు. ఉత్పత్తి సాధనాలను గూర్చి మనం అడిగే ప్రశ్ననే వెదికే సాధనాలను గూర్చి కూడా అడగాలి.

దీనికి ఒక అభ్యంతరం వుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. మొత్తం దఫ్తరాన్ని అందరి వెదుకులాటకూ తెరిస్తే ముందు లాభపడేది ఎవరు? భువనగిరి, షాద్‌నగర్ వైపు ఎకరం ధర తెలిసిన దళారీ కాదా? బాకీల్లో వున్న చిన్న పట్టాదారు ఎవరో, వారసులు లేని ముసలమ్మ నంబరు ఏదో అతడే ముందు వెదకడా? ఈ భయం నిరాధారం కాదు. కాని తెర మూసివుంచినంత మాత్రాన దళారీకి సమాచారం అందకుండా పోలేదు. పట్వారీల కాలంలోనూ అందింది, తరువాతా అందింది. అందనిది పేదవాడికే. కాబట్టి వ్యక్తి ఫోను నంబరు, ఆధారు, బాకీ వంటి సొంత విషయాలకు రక్షణ వుండాలి. ప్రభుత్వభూమి, మిగులుభూమి, భూదానభూమి, వాటి బదలాయింపు చరిత్ర మాత్రం ప్రజలందరూ వెదకడానికి తెరిచి వుండాలి. గీత ఎక్కడ గీయాలన్నది సాంకేతిక నిపుణుడొక్కడూ తేల్చే విషయం కాదు, రైతుకూలీ సంఘాలు కూర్చుని తేల్చవలసిన విషయం.

పనిముట్టును ఆరాధించడం కూడా పొరపాటే. నల్లమలలో అమ్రాబాదు పీఠభూమిమీది చెంచువారికి పహాణీ లేదు, పట్టా లేదు. అడవిలో వారి బతుకు ఎన్ని తరాలనాటిదో ఏ దఫ్తరంలోనూ గ్రెప్ చేసి చెప్పలేం. 2006 నాటి అటవీహక్కుల చట్టం కింద వచ్చిన నియమాలు ఈ సంగతిని కొంతవరకు గుర్తించాయి. పెద్దవాళ్ళు చెప్పిన మాటను రాసుకుంటే దాన్ని కూడా సాక్ష్యంగా తీసుకోవచ్చని అవి చెబుతున్నాయి. కాగితంలో దొరకనిది మనిషి జ్ఞాపకంలో వుండవచ్చునని చట్టమే ఒప్పుకున్నది. అక్కడ వెదికే పనిముట్టు కాలినడక, భాష, నమ్మకం.

కాబట్టి విద్యార్థి, ఉపాధ్యాయ మిత్రులు చేయగల పనులు కొన్ని వున్నాయి. మొదటిది, ఈ ఆజ్ఞలు నేర్చుకోవడం. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ఉద్యమం వల్ల, 1991లో మొదలైన లైనక్స్ వల్ల, ఫైండ్, గ్రెప్ వంటివి ఈనాడు ఎవరైనా డబ్బు చెల్లించకుండా వాడుకోవచ్చు, లోపలి భాగాలు విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు. పాత కంప్యూటరు మీద కూడా పనిచేస్తాయి. పదిహేను రోజుల సాయంకాలాలు చాలు. రెండోది, వెదకదగిన ప్రతులు తయారుచేయడం. వూరివూరి పాత పహాణీలు, రక్షిత కౌలుదార్ల జాబితాలు సమాచారహక్కు చట్టం కింద నకళ్ళు తెచ్చి, ఉర్దూ తెలిసిన పెద్దలచేత చదివించి, సాదా తెలుగు ఫైళ్ళుగా ఎక్కించాలి. ఫస్లీ పక్కన క్రీస్తుశకం, పాత వూరిపేరు పక్కన కొత్త పేరు, ఆనాటి తాలూకా పక్కన ఈనాటి మండలం రాయాలి. ఎక్కించినవారి పేరూ రాయాలి. మూడోది, చూడలేకపోయినవాటి జాబితా కూడా రాసి వుంచడం.

ఒక్క కాలేజీ ఒక్క మండలాన్ని తీసుకున్నా పని మొదలైనట్టే. 354 మంది కవులు ఒక్కరోజులో దొరకలేదు. ఒక్కొక్క వూరినుంచి ఒక్కొక్కరు రాసి పంపితే దొరికారు. భూమి తడిపిన కౌలుదార్ల పేర్లూ అలాగే దొరకాలి. దొరకలేదని కచేరీ చెప్పినప్పుడు, ఎక్కడ వెదికారు, ఎవరు వెదికారు, ఏ గడిలో వెదికారు అని అడగడం మన విద్యార్థులు ముందుగా నేర్చుకోవలసిన చరిత్ర పాఠం.